బియ్యం డబ్బాలో గులాబీలు

పంజాగుట్టలో నేను ఐసింగ్ షుగర్ కొనే బేకరీ అతను ముఖం మీదే చెప్పేశాడు. "అమ్మా, గీ కేకు మీద పూలు ఇండ్లల్ల జేసే పని గాదు. గీ ఉక్కకు మీ వెన్న ఆగదు. మా లెక్క వనస్పతి ఎయ్యుండ్రి, ఇగ కదలనే కదలదు."

కదలదు, నిజమే. తిన్నాక అంగిట్లోంచి కూడా కదలదు. నేను చస్తే వెయ్యనని చెప్పి, కోపం దిగడానికి అమీర్‌పేట దాకా నడిచే వచ్చాను.

ఆ కోపం అతని మీద మాత్రమే కాదు, నా మీద కూడా. జూన్‌లో, మా కింది వాటాలో ఉండే, నేను ఆపా అని పిలిచే ముస్లిం అక్క కొడుకు పుట్టినరోజుకి నేనే కేకు చేశాను. వెన్న గులాబీలు జారిపోతుంటే భయపడి వాళ్ళ ఫ్రిజ్‌లో పెట్టాను. బయటికి తీసిన పది నిమిషాలకే పూలన్నిటికీ చెమట పట్టింది. ఎర్ర రంగు కారి అబ్బాయి పేరు మీదికి వచ్చింది. చుట్టాలు నవ్వారు. మా అత్తగారు నవ్వలేదు, పైకి వచ్చాక ఒకటే మాట అన్నారు. "ఇంకొక్కటి ఇలా అయితే ఆ ఓవెన్ అటకెక్కించెయ్."

మాది గుంటూరు నుంచి వచ్చిన కుటుంబం, గుడ్డు ముట్టని ఇల్లు. నా గుండ్రటి అల్యూమినియం ఓవెనూ, గుడ్లూ బాల్కనీలోనే ఉండాలి, వంటింటి గడప దాటకూడదు. ఆ షరతు మీదే నాకు కేకులు చేసుకునే అనుమతి.

ఆగస్టులో ఆపా కూతురి పుట్టినరోజు వచ్చింది. నేను తప్పించుకు తిరుగుతుంటే ఆమే పైకి ఎక్కొచ్చింది. "బేకరీది నాకొద్దు చెల్లె. నువ్వే జెయ్యాలె. జర మంచిగ జెయ్యి." నాకు ఏడుపొచ్చింది.

ఈసారి ఫ్రిజ్ జోలికి పోలేదు. కేకు మీద పూసేదానికి వెన్న తగ్గించి, చల్లటి నీళ్ళ బేసిన్‌లో గిన్నె పెట్టి గిలక్కొట్టాను. గులాబీలకి అసలు వెన్నే వాడలేదు. గుడ్డు తెల్లసొన, ఐసింగ్ షుగర్, కాస్త ఎక్కువే పడిన వెనీలా. అవి ఆరితే బిస్కెట్టులా గట్టిపడతాయి. ఆరితే కదా! ఒకటే ముసురు. రెండు రోజులు ఫ్యాన్ కింద పెట్టినా వేలికి అంటుకుంటూనే ఉన్నాయి. తెల్లవారితే పుట్టినరోజు. ఇంట్లో చెమ్మ పీల్చే చోటు నాకు ఒక్కటే తోచింది. సాయంత్రం వంటకి బియ్యం కొలిచేశాక డబ్బాలో పలచటి గుడ్డ పరిచి, పదకొండు పూలూ దాని మీద పేర్చి, మూత బిగించేశాను.

మర్నాడు పొద్దున నాకంటే ముందు అత్తగారు ఆ మూత తీశారు.

"ఏంటమ్మాయ్ ఇవి?"

పంచదార పూలని చెప్పి ఊరుకోవచ్చు. అబద్ధం కూడా కాదు. కానీ ఇలా దొంగచాటుగా ఎన్నాళ్ళు చెయ్యను?

"గుడ్డు తెల్లసొనతో చేశానత్తయ్యా. ఆరడానికి పెట్టాను."

ఆవిడ చేతిలోని కొలత గ్లాసు కింద పెట్టేశారు. "డబ్బాడు బియ్యం. ఇప్పుడివి ఎవరు తింటారు?"

"నేను తింటాను."

"అన్నీనా?"

"అన్నీ."

మా ఆయన పేపరు ఇంకాస్త ఎత్తి పట్టుకున్నారు. అత్తగారు బాల్కనీ వైపు చూశారు. "ఆ ఓవెన్..." అనబోతుంటే నేనే అందుకున్నాను. "ఓవెన్ అటకెక్కదు." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

సాయంత్రం వానలోనే కేకు కిందికి దించాను. చివరి నిమిషంలో పూలు పేర్చాను. ఆపా ఒకటి తీసి కొరికితే టక్కుమంది. "అరె, మస్తుంది చెల్లె!" ఆఖరి ముక్క కోసేదాకా ఒక్క రేకు జారలేదు, రంగు కారలేదు. ఈసారి చుట్టాలు నవ్వలేదు, నా చేత ఇంకోటి చేయించుకుంటామన్నారు.

ఇక బియ్యం. బాల్కనీలో కిరసనాయిలు స్టవ్ మీద నా ఒక్కదానికీ వేరే గిన్నె పెట్టుకుని, నెల దాటి వండుకున్నాను. మూత తియ్యగానే అన్నంలోంచి వెనీలా వాసన వచ్చేది. పప్పులోకి అస్సలు బాగుండదు. పప్పే కలుపుకుని తిన్నాను, రోజూ అత్తగారి ఎదురుగా కూర్చుని, మెతుకు మిగల్చకుండా.