పోపు పెట్టి కొన్న వ్యాన్

అపార్ట్‌మెంట్ ఖాళీ చేస్తానని నోటీసు ఇచ్చేశాను, వ్యాన్ మాత్రం దొరకలేదు. క్యారీలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో ఇరవై ఆరేళ్లు పనిచేసి, 2012లో రిటైరయ్యాను. పాత క్యాంపర్ వ్యాన్ కొని, అందులోనే ఉంటూ దేశమంతా తిరగాలని నా పట్టుదల. చూసినవాటిలో మొదటిదాని పైకప్పు కారుతోంది. రెండోదాని ధర వినగానే నమస్కారం పెట్టి వచ్చేశాను. నెలాఖరుకి ఇంకా పన్నెండు రోజులే. సాల్స్‌బరీలో మూడోది ఉందని ప్రకటన చూశాను. కారు ముందే అమ్మేసుకున్న తెలివైనదాన్ని కదా, రైలే గతి అయింది.

ఉదయం ఏడింటికి బండి కదిలింది. తిరుగు టిక్కెట్టు కొనలేదు. అది ధైర్యమో మొండితనమో నాకే తెలియదు. డర్హమ్‌లో ఒక తెలుగమ్మాయి ఎక్కి నా పక్కన కూర్చుంది. ఎమ్మెస్ చదువుతోందట. నా ఇడ్లీల్లో రెండు పెట్టి, సంగతి చెప్పాను.

"వ్యాన్‌లో ఉంటారా ఆంటీ? సీరియస్‌గా? వంటెట్లా?"

"స్టవ్ ఉంటుందమ్మా. పోపుడబ్బా తెచ్చుకున్నా, ఇవాళే టెస్ట్ చేస్తా."

"అయితే షవర్ క్యాప్ మర్చిపోకండి. మా అపార్ట్‌మెంట్‌లో పోపు పెడితే చాలు, స్మోక్ అలారం ఒకటే గోల. దానికి క్యాప్ తొడిగాకే స్టవ్ ఆన్ చేస్తాం."

నవ్వుతూ బ్యాగ్ తెరిచి, స్నానానికి తలకి పెట్టుకునే నా ప్లాస్టిక్ టోపీ చూపించాను. ముప్పై ఏళ్లుగా నా వంట సామానులో అదీ ఒకటి.

తొమ్మిదిన్నరకి సాల్స్‌బరీలో దిగేసరికి, అమ్మే ఆవిడ మార్లీన్ వ్యాన్‌తో సహా స్టేషన్ బయటే ఉంది. డెబ్బై దాటిన మనిషి. ఒకప్పుడు స్కూల్ బస్సు నడిపింది. భర్త పోయాక ఆరేళ్లు ఒంటరిగా ఈ వ్యాన్‌లోనే ఉందట. మోకాళ్లు మొరాయించాక చెల్లెలి ఇంటికి చేరింది.

ఇరవై ఏళ్ల బండి అంటే ఎవరూ నమ్మరు. ప్రతి అరకీ గొళ్లెం, చెంచాలు గలగలలాడకుండా వాటికింద గుడ్డ. ఎక్కడెక్కడ ఆయిల్ మార్పించిందో నోట్‌బుక్‌లో గుండ్రటి అక్షరాలతో రాసుంది. నడిపి చూశాను. అడిగింది ఎనిమిదిన్నర వేల డాలర్లు, నా హద్దులోనే ఉంది. నాకు కళ్లు చెమర్చాయి.

మార్లీన్ చెల్లెలి పెరట్లో వ్యాన్ ఆపి, వండి చూస్తానన్నాను. స్టవ్ వెలిగించి నూనె పోశాను. నా చెయ్యి దానంతటది బ్యాగ్‌లోకి వెళ్లి, షవర్ క్యాప్ తీసి పైకప్పుకున్న స్మోక్ అలారానికి తొడిగేసింది.

మార్లీన్ స్టవ్ కట్టేసింది. "తీసెయ్యండి."

తీశాను.

"ఈ స్టవ్ పక్కనే మీరు పడుకోవాలి. ఏదైనా అంటుకుంటే మిమ్మల్ని లేపడానికి అది తప్ప ఎవరున్నారిక్కడ? ఈ బండి మీకు అమ్మను."

ల్యాబ్‌లో ఎవరైనా ఇలాంటి పని చేస్తే బయటికి పంపేది నేనే. సిగ్గుతో తలెత్తలేకపోయాను. "తప్పు నాదే. మేమంతా ఇలాగే చేస్తాం, ఎప్పుడూ ఆలోచించలేదు. ఎలా వండుకోవాలో మీరే చూపించండి," అన్నాను.

మార్లీన్ వ్యాన్ పక్క తలుపు బార్లా తెరిచి, దాని కింద నుంచి ఒక చెక్క పలక బయటికి లాగింది. ఆరేళ్ల కింద తనే చేసుకున్న పలకట. దాని మీద అరలోంచి తీసిన చిన్న స్టవ్ పెట్టి, "వేయించేవన్నీ ఇక్కడ. లోపల కాఫీ, సూపు, అంతే," అంది.

ఈసారి అక్కడ టమాటా చారు కాచి పోపు పెట్టాను. ఆవాలు చిటపటలాడాయి, ఎండుమిరపకాయల ఘాటు పెరట్లోకి పోయింది. అలారం పలకలేదు. మార్లీన్ రెండు తుమ్ములు తుమ్మి, ఆ చారు రెండు కప్పులు తాగింది.

"ఇప్పుడు అమ్ముతాను. ఆ క్యాప్ మాత్రం ఇక్కడే వదిలి వెళ్లండి."

చెక్కు, నోటరీ సంతకాలు, నంబర్ ప్లేట్, ఇన్సూరెన్స్ అన్నీ అయ్యేసరికి మూడున్నర. తాళాలిచ్చే ముందు మార్లీన్ స్టీరింగ్‌ని ఒకసారి నిమిరింది.

వ్యాన్ వెతికేవాళ్లకి నేను చెప్పేది ఇదే: అందులో బతికినవాళ్ల దగ్గర కొనండి. మనకి తెలియని మన పొరపాట్లు వాళ్లకి తెలుసు.

బర్లింగ్టన్ దగ్గర రెస్ట్ ఏరియాలో ఆగాను. పలక లాగి, వండుకుని, చారన్నం తిన్నాను. తర్వాత లోపలికెళ్లి అలారం టెస్ట్ బటన్ నొక్కాను. చెవులు చిల్లులు పడేలా అరిచింది. ముప్పై ఏళ్లుగా నోరు నొక్కిన దాన్ని, మొదటిసారి చివరిదాకా అరవనిచ్చాను.