కోమలి టీచరు తప్పు లెక్క

తప్పు ఒప్పుకోవడం కోమలి టీచరు జాతకంలోనే లేదని గుజరాత్‌లోని మగ్గాల పేట ఉధ్నాలో అందరూ అనుకునేవారు. మగ్గాల కార్మికుడి కూతురు. పుట్టిందీ పెరిగిందీ అక్కడే, తెలుగు మీడియం బడిలో ఆరో తరగతికి చెప్పేదీ అక్కడే. ఏదైనా పట్టిందంటే ఉడుంపట్టే.

కరోనా మొదటి గండం గడిచి మగ్గాలు మళ్లీ తిరిగాయి గాని బడి తెరవలేదు. పొద్దున పదింటికి ఫోనులో క్లాసు పెడితే ఇరవై ఆరుగురిలో వచ్చింది నలుగురు. ఎట్లా వస్తారు మరి? ఇంటికి ఒకటే ఫోను, అది నాన్న జేబులో కార్ఖానాకు పోయేది. ఫోను ఉన్న ఇళ్లలోనూ పక్క మగ్గాల షెడ్డు మోతకు టీచరు గొంతు వినబడి చావదు. హాజరు ఇట్లాగే ఉంటే వచ్చే ఏడు ఈ పిల్లల్ని హిందీ తరగతిలో కలిపేస్తామని పైనుంచి కబురొచ్చింది. కోమలికి ఒళ్లు మండింది.

వినబడకపోతే చదువుకుంటారు కదా అని ఒక బ్లాగు తెరిచింది. అందులో ఒక్కొక్కరి పేరునా ఒక పేజీ. పాఠం ఎక్కడికీ పోదు, సాయంత్రం నాన్న ఇల్లు చేరాక చదివి అక్కడే జవాబు రాయొచ్చు. నెల తిరక్కుండా ఇరవై ఆరు పేజీలూ నిండసాగాయి.

ఒకరోజు లెక్క పెట్టింది. మగ్గం గంటకు ఆరు మీటర్లు నేస్తే పన్నెండు గంటల్లో ఎన్ని? అందరూ డెబ్బై రెండన్నారు. మనోజ్ఞ ఒక్కతే అరవై అని రాసింది. కోమలి 'తప్పు' అని పెట్టింది. మర్నాడు ఆ పేజీలో మనోజ్ఞ తండ్రి ఆగయ్య ఫోనుకు చెప్పి రాయించిన మాటలు కనిపించాయి.

"టీచరమ్మా, దారం తెగదా? తెగితే అతకాలె, కరెంటు పోతే ఆగాలె. అరవై వస్తే గదే పండుగ. మా పిల్ల తప్పేంది?"

హెడ్మాస్టరు సూర్యనారాయణ కంగారుపడ్డాడు. "రేపు బడి తనిఖీకొచ్చే సూపర్‌వైజర్ మేడమ్ చూసేది ఆ పేజీలేనమ్మా! టీచరే తప్పంటే తరగతి ఉంచుతారా? తీసెయ్యండి."

తీసెయ్యడం ఎంతసేపు? వేలు అక్కడిదాకా వెళ్లింది కూడా. మగ్గాల మధ్య పెరిగి దారం తెగుతుందన్న సంగతే మరిచానా అని సిగ్గుతో చచ్చిపోయింది. చివరికి ఆగయ్య మాటల కిందా, మిగతా అందరి పేజీల్లోనూ ఇట్లా రాసింది: "తప్పు నాది. మనోజ్ఞ జవాబే సరి. ఇవాళ్టి లెక్కలు మీరూ మీ అమ్మానాన్నలూ కలిసి తయారుచేయండి." ఆ సాయంత్రమే పందొమ్మిది లెక్కలు వచ్చాయి.

సూపర్‌వైజర్ గుజరాతీ ఆవిడ. కోమలి ప్రతి పేజీనీ హిందీలో చదివి వినిపించింది, తన తప్పుతో సహా.

"ఈ ఆగయ్య ఏం చదివారు?" అని అడిగింది ఆవిడ.

"మూడో తరగతి, మేడమ్. ఈ లెక్కలో నాకు ఆయనే మాస్టారు."

ఆ మాట అంటున్నప్పుడు కోమలికి ఎంత గర్వమో! దాచుకోవాలని కూడా అనిపించలేదు. ఆవిడ హాజరు దగ్గర నాలుగు కొట్టేసి ఇరవై ఆరు వేసింది. తరగతి ఉంచమని సంతకం పెట్టింది.

ఆ కబురు చెబుదామని కోమలి ఫోను చేస్తే, మగ్గాల మోతలోంచి ఆగయ్య అరిచాడు.

"క్లాసు నిలవడ్డదా? మంచిగైంది! మరి ఇయ్యాల్టి లెక్కేంది? జర గట్టిదే పెట్టు టీచరమ్మా, ఈడ నలుగురం గల్సి చేస్తున్నం."