ఒకే పెరడు, మూడు తలుపులు

ఫ్యాక్టరీలుండే భన్‌పురి పేటలో, ఇనుప షెడ్లకు డ్రాయింగులు గీసే చిన్న ఆఫీసులో నా మొదటి ఉద్యోగం. నాన్న రైల్వేలో రిటైరై క్వార్టరు ఖాళీ చేశాక అదే ఊళ్లో గుఢియారీలో అద్దెకు దిగాం. ఇల్లు నా జీతం మీదే నడిచేది. అందుకే ఆఫీసులో కోపం నోటిదాకా వచ్చినా మింగేసేదాన్ని. ముక్కు మీదే కోపం ఉన్న మనిషికి అదేం చిన్న పని కాదు.

మా డ్రాయింగులన్నీ క్లౌడ్‌లో అద్దెకు తీసుకున్న మూడు వర్చువల్ మెషీన్లలో ఉండేవి. కంటికి కనబడని కంప్యూటర్లన్నమాట. కొత్త ఫైలు ఒకదాంట్లో, దాని పాతది ఇంకోదాంట్లో, రోజూ వెతుకులాటే. నేను చేరాక అందరి ఫైళ్లకూ ఒకే ఉమ్మడి స్టోరేజీ పెట్టి, మూడు మెషీన్లకూ తగిలించాను. మా పాత క్వార్టర్లలో మూడిళ్లకూ వెనక ఒకటే పెరడు ఉండేది. ఏ తలుపు తీసినా అదే పెరడు. ఇదీ అంతే.

ఒక ఉదయం చూస్తే ఆ పెరడంతా ఖాళీ. సిల్తారా ఫ్యాక్టరీకి పంపాల్సిన డ్రాయింగులు కూడా లేవు. అదృష్టం బాగుండి, ముందు రోజు ఫైళ్లన్నిటికీ అచ్చు తీసినట్టు దాచి ఉంచిన స్నాప్‌షాట్ నుంచి దాదాపు అన్నీ తిరిగి తెచ్చాను. అయినా మా ఆఫీసు యజమాని సేఠ్ వదల్లేదు. తీసేసిందెవరో సాయంత్రంలోగా తేలకపోతే, ఆ స్టోరేజీ పెట్టింది నేనే కాబట్టి రేపట్నుంచి నేను రానక్కర్లేదని అందరి ముందూ అనేశాడు. తేలేదెలా? అందరం ఒకే పేరుతో, ఒకే పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లేవాళ్లం. వేర్వేరు పేర్లు పెడదామంటే దండగన్నది ఆయనే. పొద్దున నేనేం చేశానో మళ్లీ మళ్లీ గుర్తు చేసుకున్నాను. మధ్యాహ్నానికి నా చెయ్యి మీద నాకే అనుమానం వచ్చింది.

అప్పుడు సిల్తారా నుంచి మా పెద్ద డ్రాఫ్ట్స్‌మన్ తిరిగొచ్చారు. శ్రీకాకుళం వైపు రైల్వే కుటుంబం, నేను బాబాయ్ గారని పిలిచేదాన్ని. రిటైరయ్యే వయసు దాటింది, ఆయన్ని ఉంచాలా వద్దా అన్నది ఆ నెలే తేలాలి. సంగతి విని నేరుగా సేఠ్ దగ్గరికెళ్లారు.

"తీసింది నేను సేఠ్‌జీ. అదే ఫోల్డరు మూడింట్లోనూ కనబడితే నకళ్లనుకున్నాను. ఒకటి ఉంచి, మిగతా రెండూ తీసేద్దామనుకున్నాను."

మొదటిది తీయగానే మూడూ పోయాయి. బస్సుకు వేళవడంతో, రెండోదాని జోలికి పోకుండా, అది గమనించకుండానే ఆయన ఆ పొద్దున సిల్తారా బస్సెక్కేశారు. సేఠ్ కాసేపు గొణిగి క్యాబిన్‌లోకి వెళ్లిపోయాడు. అంత చక్కగా గీసే చెయ్యి మళ్లీ దొరకదని ఆయనకూ తెలుసు. ఇద్దరి ఉద్యోగాలూ నిలిచాయి.

ఇన్నేళ్లుగా ఇదే పని చేసుకుంటున్నాను. తలుచుకున్నప్పుడల్లా బాబాయ్ గారికి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ఆ రోజు మాత్రం అది కూడా తోచలేదు. ఆయన టిఫిను విప్పి సగం నా వైపు జరిపితే, ఏడుపు ఆపుకుంటూ అడిగాను.

"ఎవరికీ తెలిసేది కాదు కదా బాబాయ్ గారూ, ఎందుకు చెప్పారు?"

"ఎవులికో ఎందుకమ్మా, నీకే తెలిసేది కాదు గదా. గలతీ నీదేననుకొని జీవితమంతా కుమిలిపోదువు. ముందు తిను."