వైనతేయ వంతెన మీద పొటాషియం

వేదికెక్కి 'భయపడకండి, ప్రశ్నించండి' అని గొంతు చించుకునేవాళ్ళ అరచేతుల్ని మీరెప్పుడైనా పట్టుకుని చూశారా? ఒకసారి చూడండి, కొన్ని చెమటతో తడిసి ఉంటాయి. ఆ రోజుల్లో నాకు మాత్రం భయమంటే ఇతరులకు ఉండే జబ్బు, దానికి మందు నా దగ్గర ఉండేది. ఇరవై మూడేళ్ళ వయసు, అమలాపురంలో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ పాఠం చెప్పే కొత్త ఉద్యోగం. వారమంతా పిల్లలకు పరమాణువు, ఆదివారాలు పెద్దలకు హేతువాదం. పిల్లి ఎదురైందని ఆగిన మనిషి కనిపిస్తే నడిరోడ్డు మీదే ఉపన్యాసం మొదలుపెట్టేదాన్ని. (పిల్లి వెళ్ళిపోయేది, ఆ మనిషీ వెళ్ళిపోయేవాడు, నేను మాత్రం ముగింపు వాక్యం వెతుక్కుంటూ అక్కడే ఉండేదాన్ని.)

అప్పట్లో మలికిపురం దగ్గర ఒక స్వామి బయలుదేరాడు. పళ్ళెంలో సమిధలు పేర్చి, అగ్గిపుల్ల గీయకుండా, చెంబులో నీళ్ళు మంత్రించి చల్లితే మంట లేచేది. మంట లేచిందంటే ఆ ఇంటి మీద అమ్మవారికి కోపం వచ్చినట్టట. ఇక ఆ ఇంటి ఆడవాళ్ళు నిద్రపోతే ఒట్టు. మేం హేతువాదులం ఊరుకుంటామా? ఆదివారం మలికిపురంలో సభ, మంత్రం లేకుండా అదే మంట నేను పుట్టిస్తానని కరపత్రాలు పంచేశాం. స్వామి సమిధల మధ్య నీళ్ళు తగిలితే అంటుకునే లోహమేదో దాచి ఉంటాడని నా అనుమానం. సోడియం ముక్క నీళ్ళలో వేసి చూశాను. బుసబుసమంటూ పరుగులు తీసింది గానీ మంట అంటుకోలేదు. నమ్మకంగా అంటుకోవాలంటే మూలకాల పట్టికలో దాని కింది గడిలో ఉన్న పొటాషియం కావాలి.

మా ల్యాబ్ అటెండరును అందరం ల్యాబ్ బాబాయి అనేవాళ్ళం. బఠాణీ గింజంత కోసివ్వమని అడిగితే, ఆయన సీసా మొత్తం తెచ్చి పెట్టాడు. లోపల కిరసనాయిల్లో మునిగి నిమ్మకాయంత ముద్ద! "ఇప్పుడు కోస్తే గాలి తగిలి పాడైపోద్దండి, అక్కడే కోసుకోండి" అని, సీసా పగలకుండా చిన్న మట్టికుండలో పొడి ఇసుక పోసి, దాని మధ్యలో సీసా పాతి, మూతికి తెల్లగుడ్డ బిగించి కట్టాడు. "నీళ్ళు మటుకు తగలనివ్వకండే. ఓసారి సింకులో గోరంత ముక్క పడితే పింగాణీ పెచ్చు నా చెవి పక్కనించి వెళ్ళిందండి, ఆయ్" అని నవ్వాడు. నేనూ నవ్వాను. బస్టాండుకు వచ్చేదాకా ఆ నవ్వు ముఖం మీద ఉంది. అక్కడ చినుకు పడింది.

సఖినేటిపల్లి బస్సు ఎక్కేసరికి వాన జోరందుకుంది. నాకు దొరికిన కిటికీకి అద్దం సగానికి వచ్చి ఆగిపోయింది. కుండను ఒళ్ళో పెట్టుకుని, దాని మీదకు వంగి, వాన నా వీపు మీద పడేలా తిరిగి కూర్చున్నాను. గోరంత ముక్కకే పింగాణీ పగిలితే నిమ్మకాయంత ముక్కకు ఏం పగులుతుందో లెక్క వేయకుండా ఉండలేకపోయాను. కెమిస్ట్రీ చదివినందుకు మొదటిసారి ఏడుపొచ్చింది. ఏమీ తెలియనివాళ్ళు ఆ బస్సులో హాయిగా పల్లీలు తింటున్నారు. ఒక్కొక్క చినుకు గుడ్డ మీద పడినప్పుడల్లా ఆ లెక్క మళ్ళీ మొదటినుంచి వేసేదాన్ని. అప్పుడు నా పక్కన ఒక మామ్మగారు వచ్చి కూర్చుంది. బండారులంక నుంచి రాజోలులో మనవరాలి పురిటికి వెళ్తోంది. ఆమె గొడుగు నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, ఆ గొడుగును ఆమె తీరిగ్గా నా మోకాళ్ళకు ఆనించింది.

నేను ఉలిక్కిపడి కుండను గుండెలకు హత్తుకున్నాను. మామ్మగారు కుండ వైపు, తెల్లగుడ్డ వైపు, నా ముఖం వైపు చూసింది. గొడుగు చటుక్కున వెనక్కి తీసుకుంది.

"అస్థికలామ్మా?" అని మెల్లగా అడిగింది.

కాదని చెప్పాలి. చెబితే ఏమిటని అడుగుతుంది. పేలే వస్తువంటే బస్సంతా గగ్గోలు, తొక్కిసలాట, నన్ను దింపేయడం, బయట కుంభవృష్టి. నిజమంతా వివరించినా ఈవిడకేం అర్థమవుతుంది? అస్థికలనుకుంటే ఎవరూ ముట్టుకోరు కదా.

"ఆయ్" అని తలూపాను.

"ఎవరివి తల్లీ?"

"బాబాయివండి." (ఆ క్షణాన ల్యాబ్ బాబాయి టీ తాగుతూ ఉండి ఉంటాడు.)

ఆ ఒక్క 'ఆయ్' పని మొదట్లో అద్భుతంగా చేసింది. నా చుట్టూ జానెడు ఖాళీ ఏర్పడింది. ముందు సీటాయన పల్లీల పొట్లం మడిచేశాడు. ఎవరో నా కిటికీకి గోనెపట్టా కట్టారు. తర్వాత మామ్మగారికి అనుమానం వచ్చింది. "ఆడపిల్లవి, నువ్వు పట్టుకొచ్చేవేంటమ్మా? కొడుకుల్లేరా ఆయనకి?" లేరన్నాను. ముగ్గురు కొడుకులున్న మనిషిని ఇలా చేశానే అనిపించింది. బస్సులో ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. ఎన్ని సభల్లో అడిగాను, ఆడది కర్మ ఎందుకు చేయకూడదని! నా ఉపన్యాసాలకు కరగని గుండెలు నా అబద్ధానికి కరిగిపోయాయి.

గోదావరి పాయ వైనతేయ మీది వంతెన దగ్గర పడుతుండగా మామ్మగారు గొంతు పెంచింది. "కండక్టరు గారూ, వంతెన మీద ఓ నిమిషం ఆపించండి నాయనా. గోదారి దాటేటప్పుడు ఆ తల్లిలో కొంచెమన్నా కలిపే దాటాలి. లేపోతే ఆ జీవుడు ఈ ఒడ్డునే తిరుగుతాడు." (ఈ నియమం ఎక్కడ రాసి ఉందో ఆమెకే తెలియాలి.) కండక్టరు నసిగాడు గానీ బస్సంతా "ఆపండి, పాపం" అంది. డ్రైవరు గారు నడి వంతెన మీద బస్సు ఆపి, తానే దిగి, తల మీద తువ్వాలు తీసి నిలబడ్డారు. కింద గోదావరి ఎర్రగా, నిండుగా పోతోంది. నేను లేవలేదు.

"అంతర్వేదిలో, సముద్రం దగ్గరే కలుపుతానండి" అన్నాను.

పల్లీలాయన లేచాడు. "మీరు చూళ్ళేరు అమ్మగారూ, నేను కలిపేసొస్తాను. నాకూ బాబాయిలాంటివోరే." చెయ్యి చాచాడు. వానలో తడిసిన చెయ్యి, మోచేతి నుంచి నీళ్ళు కారుతున్నాయి. రెండో చేత్తో అప్పటికే తెల్లగుడ్డ ముడి పట్టుకున్నాడు. కుండలోకి చెయ్యి పెడతాడు. సీసా తీస్తాడు. మూత తిప్పుతాడు. ఆ ముద్దను నీళ్ళలోకి వంపడం కాదు, ఆ తడి అరచేతిలోకే వంపుకుంటాడు. ఆ వేళ్ళు ఇప్పటికీ నాకు కలలోకి వస్తాయి.

"ముట్టుకోకండి! బాబాయి బతికే ఉన్నారు!" అని అరిచాను.

అందరికన్నా ముందు పల్లీలాయన కుండ వైపు చూసి రెండడుగులు వెనక్కి వేశాడు, బాబాయి అందులోనే బతికి ఉన్నాడేమోనని. నేను ఏడుస్తూ నిజం చెప్పాను. ఇది పొటాషియం అనే లోహం, నీళ్ళు తగిలితే భగ్గుమంటుంది, మీ చెయ్యి పోయేది.

"నీళ్ళు తగిలితే నిప్పెలా పుడతాదండీ?" అన్నాడు కండక్టరు. అది నా ప్రశ్న, నేను ఊరూరా అడగమని చెప్పే ప్రశ్న. చెప్పాను. పరమాణువంటే మన బస్సే అనుకోండి. కాకపోతే ఇంజను నడిమధ్యన. దాని చుట్టూ ఎలక్ట్రాన్లు వరసల్లో కూర్చుంటాయి. మొదటి వరసలో రెండు, తర్వాత ఎనిమిది, ఆ తర్వాత మళ్ళీ ఎనిమిది. పొటాషియానికి వాటి తర్వాత ఇంకొక్కటి మిగిలింది. అది నాలుగో వరసలో ఒంటరిగా ఉంటుంది. ఇంజను దూరం, మధ్యలో ఇంతమంది అడ్డం, దాన్ని లాగి పట్టుకునేవాళ్ళు లేరు. సోడియానికి ఆ ఒంటరిది మూడో వరసలోనే ఉంటుంది కనుక ఇంకాస్త పట్టు ఉంటుంది.

"అంటే ఫుట్‌బోర్డు మీద వేలాడేవోడన్నమాట" అంది మామ్మగారు. "చిన్న కుదుపొస్తే పోయె."

"అంతేనండి. దాన్ని ఊడదీయడానికి ఎంత శక్తి కావాలో దాన్నే అయనీకరణ శక్తి అంటారు. దీనికి చాలా తక్కువ చాలు. నీళ్ళు తగలగానే అది దిగిపోతుంది, హైడ్రోజన్ వాయువు పుడుతుంది, ఆ వేడికి అంటుకుంటుంది."

"మరి నిండుగా కూచున్న వరసలోంచి ఒకణ్ణి లేపాలంటేనండీ?" అన్నాడు పల్లీలాయన.

"చాలా కష్టం."

"ఎంత కష్టమో నన్నడగండి" అన్నాడు కండక్టరు. "లేడీస్ సీట్లోంచి ఇప్పటిదాకా ఒక్కణ్ణి లేపలేకపోయేను."

బస్సు నవ్వింది. డ్రైవరు గారు తువ్వాలు దులుపుకుని, ఎక్కి, బస్సును దోసె తిప్పినంత సుతారంగా నడిపారు. నవ్వనిది మామ్మగారొక్కతే.

"నన్ను చూసి ఏవనుకున్నావమ్మాయ్?" అంది. "యాభయ్యేళ్ళు పొయ్యి దగ్గర కూచున్నదాన్ని, నిప్పుతో ఎలా మెలగాలో నాకు తెలీదా? నీళ్ళు తగలకూడదని ఒక్క మాటంటే గొడుగు అవతల పారేసి కూచునేదాన్ని గదా. ఈవిడికేం అర్థమవుద్దిలే అనుకున్నావు. బతికున్న మనిషిని చంపేవు."

ఆమె చేతులు రెండూ పొడి కొంగుకు శుభ్రంగా తుడుచుకుని, "ఇలా ఇవ్వు, నీ ఒళ్ళంతా తడే" అని కుండ తీసుకుంది. రాజోలులో దిగేదాకా ఒళ్ళో పసిబిడ్డలా పట్టుకుంది.

మలికిపురంలో బఠాణీ గింజంత ముక్క ఊదారంగు మంటతో వెలిగింది, జనం చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఆ స్వామి గుర్తొచ్చాడు. వాడూ నాలాగే, ప్రశ్న రాకుండా భయాన్ని అడ్డం పెట్టినవాడే. వాడు చెంబుతో చేసింది నేను ఒక్క 'ఆయ్'తో చేశాను. ఇన్నేళ్ళ తర్వాత, సగం అద్దం కిటికీ పక్కన వీపు తడుపుకుంటూ వణికిన ఆ పిల్ల తలపుకు వస్తే నవ్వూ జాలీ కలిసే వస్తాయి. పిల్లికి భయపడేవాళ్ళకు ధైర్యం నూరిపోసిన ఆ మహాతల్లి, ఒక మామ్మగారి ప్రశ్నకు భయపడింది.

మీరు నవ్వింది చాలు. 'వీళ్ళకేం అర్థమవుతుందిలే' అనుకుని మీరూ ఎవరికో ఒకరికి, మీ ఇంట్లోనో మీ క్లాసులోనో, జవాబుకు బదులు భయాన్ని చేతిలో పెట్టే ఉంటారు. ఈ కాగితం పక్కన పెట్టి లేవండి. ఆ మనిషి దగ్గరకు వెళ్ళి, ఎదురుగా కూర్చుని, ఉన్నది ఉన్నట్టు చెప్పండి.