పోలిరాజు కనపడనివ్వని అతుకు

పోలిరాజు రోజూ పొద్దున్నే షెడ్డు తాళం తీశాక, దీపం వెలిగించేలోపే ఒక పని చేసేవాడు. ముందు రోజు సరిచేసిన రేకు మీద అరచేయి ఆనించి, కళ్లు మూసుకుని, ఈ చివర నుంచి ఆ చివర దాకా మెల్లగా నిమిరేవాడు. రాత్రి చల్లదనం పోకముందే చూడాలట. ఎండ తగిలితే రేకు సాగి తప్పును దాచేస్తుందట. నువ్వుగింజంత ఎత్తుపల్లం తగిలినా అక్కడ సుద్దముక్కతో గీత గీసి, అప్పుడు సింహాద్రి అప్పన్న పటం ముందు అగరువత్తి వెలిగించేవాడు. దేవుడి ముందు నిలబడేటప్పటికి నిన్నటి తప్పేదో మనకు తెలిసి ఉండాలి కదా అనేవాడు.

అతనిది జాలరిపేట. తండ్రీ అన్నలూ చేపల వేటకు వెళ్లేవారు. ఇతనికి పడవ ఎక్కితే కడుపులో తిప్పేది. అందుకని చిన్నప్పుడే ఆటోనగర్‌లో టింకరింగ్ షెడ్డులో చేరి సుత్తి పట్టాడు. గుద్దుకున్న బండిని అతని దగ్గర వదిలితే, తిరిగి తీసుకునేటప్పుడు దెబ్బ ఎక్కడ తగిలిందో సొంతదారే చూపించలేకపోయేవాడు. వెల్డింగ్ చేసిన చోట గ్రైండరు పెట్టి నున్నగా అరగదీసి, లప్పం పూసి, రంగు వేస్తే అది అచ్చంగా పుట్టినప్పటి రేకే. అతుకు కనపడిందంటే అది తన పని కాదనేవాడు.

1998 వానాకాలంలో లారీ మీద టార్పాలిన్ కప్పుకుని ఒక కారు వచ్చింది. పక్క షెడ్డులో లేత్ మెషిన్ నడిపే దుర్గారావు టార్పాలిన్ ఎత్తి చూసి ముక్కు మూసుకున్నాడు.

"ఏటి బావా, కారా ఇది, ఎండుసేపల తట్టా?"

పొడుగాటి ముక్కు, రెండే సీట్లు. తలుపు మోకాలికి కాస్త పైకి వస్తుందంతే. యాభైల్లో ఇంగ్లండులో పందేల కోసం చేసిన బండి. దేశం మొత్తంలో అలాంటివి నాలుగైదు మించి లేవని చెప్పారు. పోర్టులో ఓడలను లోపలికి నడిపించే పైలట్‌గా చేసి రిటైరైన గుణశేఖర్ గారిది. వయసులో ఉండగా ఎవరో ఓడ ఇంజనీరు దగ్గర కొన్నారు. మధురవాడలో తోట ఇంటి వెనక ఏళ్ల తరబడి నిలబెట్టేసరికి లోపలి చెక్క చట్రాన్ని చెదలూ, ఇనుమును ఉప్పుగాలీ తినేశాయి.

"ఒకప్పుడు గంటకు నూటతొంభై కిలోమీటర్లు వెళ్లేదయ్యా పోలిరాజూ. మా పద్మను పక్కన కూర్చోబెట్టుకుని భీమిలి రోడ్డు మీద ఒక్కసారి మళ్లీ అలా వెళ్లాలి. ఆ తర్వాత దేవుడు పిలిచినా అభ్యంతరం లేదు" అన్నారు గుణశేఖర్ గారు.

"పిలిచేది ఆయన్ని. పక్కన కూర్చున్నందుకు నేనూ వెళ్లాలా?" అని నవ్వారు పద్మావతమ్మ గారు.

రెండేళ్లకు పైగా పట్టింది. ఆవిడ వచ్చినప్పుడల్లా కేరియర్‌లో పెరుగన్నం, మాగాయ తెచ్చేవారు. దుర్గారావుకూ ఒక గిన్నె వేరే ఉండేది. పోలిరాజు భార్య సీతాలుకు టైఫాయిడ్ వచ్చి కేజీహెచ్ ఆసుపత్రిలో చేరినప్పుడు, ఆవిడ చెప్పాపెట్టకుండా వచ్చి ఒక పగలంతా మంచం పక్కన కూర్చుని తడిగుడ్డ మార్చారు. ఆ సంగతి సీతాలు చెబితే గాని పోలిరాజుకు తెలియలేదు.

చివర్లో స్టీరింగ్ ఆర్మ్ దగ్గర పని ఆగింది. స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాన్ని పక్కకు లాగే ఇనుప చెయ్యి అది. తుప్పు గీరి చూస్తే మెడ దగ్గర పగులు కనపడింది. అలాంటిది ఎక్కడా దొరకదు.

"ఒగ్గెయ్ బావా. లారీ యాక్సిల్ ముక్కలోంచి కొత్తది తీసిస్తాను. నెల పడతాదంతే" అన్నాడు దుర్గారావు.

అప్పటికే కారు పూజకు పంతులు గారు ముహూర్తం పెట్టారు. గుణశేఖర్ గారు చుట్టాలను పిలిచేశారు. పోలిరాజు ఆ పగులు మీద వెల్డింగ్ చేశాడు. చేతికి ముప్పై ఏళ్ల అలవాటు కదా, ఉబ్బిన అతుకును గ్రైండరుతో నున్నగా అరగదీసి నల్లరంగు వేశాడు. కారు మళ్లీ లారీ మీదే మధురవాడ వెళ్లిపోయింది.

తర్వాత ఒకరోజు గాజువాక జంక్షన్‌లో బస్సు దిగేసరికి రోడ్డు పక్కన ఒక ఆటో ముక్కు మీద పడి ఉంది. ముందు చక్రం పక్కకు ఒరిగిపోయింది. డ్రైవరు నుదురు చిట్లితే, పూలమ్మే ఆవిడ తన చీర కొంగు చింపి కట్టు కడుతోంది. పోలిరాజు విరిగిన ముక్కను చేతిలోకి తీసుకున్నాడు. అదీ వెల్డింగ్ చేసిందే. అతుకు తెలియకుండా నున్నగా అరగదీసినదే. విరిగిన చోట చుట్టూ అంచు మాత్రం తెల్లగా మెరుస్తోంది. లోపలంతా నల్లగా ఉంది. అతుకు పైతొక్కనే పట్టింది, లోపల ఎప్పుడూ పట్టలేదు. ఆ పట్టిన తొక్కను కూడా ఎవడో అందం కోసం అరగదీశాడు.

పోలిరాజుకు గుణశేఖర్ గారి కారులో తను అతికిన ఆర్మ్ గుర్తొచ్చింది.

ఆ రోజు నుంచి అదే ఆలోచన. రేకు వేరు, రేకు మీద ప్రాణం నిలబడదు. ఈ ఇనుప చెయ్యి మీద ఇద్దరు కూర్చుంటారు. తన అతుకు లోపలి దాకా పట్టిందో లేదో గుర్తు తెచ్చుకోబోతే మంట మాత్రమే గుర్తొచ్చేది. పట్టే ఉంటుందని ఒక గంట అనుకునేవాడు. మరుగంటలో భీమిలి రోడ్డు, పక్కన సముద్రం, ఎడమకు తిరగని చక్రం కళ్లముందుకు వచ్చేవి.

ఏదో వంక పెట్టుకుని మధురవాడ వెళ్లాడు. కారు కిందికి దూరి ఆర్మ్ మీద వేలు పెట్టి చూశాడు. ఎక్కడ అతికాడో తన వేలికే అందలేదు. జీవితంలో మొదటిసారి తన పనితనం చూసి అతనికి భయం వేసింది. పైకి వచ్చేసరికి పద్మావతమ్మ గారు మజ్జిగ గ్లాసుతో నిలబడ్డారు.

"సీతాలుకు నీరసం తగ్గిందా? రేపు పూజకు తీసుకురా. తనకు మెత్తటి చీర ఒకటి పక్కన పెట్టాను."

"తెత్తానమ్మా" అన్నాడు. చెప్పాల్సింది నోట్లోనే ఉండిపోయింది. తాళం బిగిసిన తలుపులా పెదవులు తెరుచుకోలేదు.

మర్నాడు పూజ అయింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. గుణశేఖర్ గారు తెల్ల చొక్కా వేసుకుని స్టీరింగ్ ముందు కూర్చున్నారు. పద్మావతమ్మ గారు కొంగు నడుముకు దోపుకుని పక్కన కూర్చుని, గాలికి జుట్టు చెదురుతుందని రుమాలు కట్టుకుంటున్నారు. ఇంజను ఒక్కసారి గర్జించింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. సీతాలు దండం పెట్టుకుంటోంది.

పోలిరాజు వెళ్లి కారు ముందు నిలబడ్డాడు. బానెట్ మీద రెండు చేతులూ పెట్టాడు.

"తప్పుకో బావా, ఫొటోకి అడ్డం" అన్నాడు దుర్గారావు.

"ఆపండి బాబూ. ముందు సక్రం ఆర్ము పగిలింది. నాను అతికినాను. కనపడకుండా అరగదీసేసినాను. నిలబడతాదో లేదో నాకు తెల్దు."

ఇంజను ఆగింది. గుణశేఖర్ గారి ముఖం ఎర్రబడి, మెల్లగా పాలిపోయింది.

"దిగు పద్మా" అన్నారు. తర్వాత పోలిరాజు వైపు చూశారు. "ఎప్పటి నుంచి తెలుసు నీకు?"

"నిన్న అమ్మగారు మజ్జిగ ఇచ్చినప్పటికే తెలుసు బాబూ."

పద్మావతమ్మ గారు రుమాలు విప్పుకుని, "పులిహోర చల్లారిపోతోంది, అందరికీ పెట్టండి" అన్నారు. పోలిరాజుకూ ఆకు వేశారు. అతను ముద్ద కలిపి అలాగే కూర్చున్నాడు.

ఆర్మ్‌ను విప్పి గోనెసంచిలో చుట్టి ఆటోనగర్ తెచ్చారు. గుణశేఖర్ గారు వెంట వచ్చి, షెడ్డు గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డారు. సమ్మెట దెబ్బకు అతుకు నిలుస్తుందో లేదో చూడటానికి దుర్గారావు దాన్ని వైసు దవడల మధ్య బిగించాడు.

పోలిరాజు సమ్మెట ఎత్తాడు. మొదటి దెబ్బ పక్కకు జారింది. రెండోది తగిలింది గాని అందులో బలం లేదు. మూడోసారి ఎత్తిన సమ్మెట గాలిలోనే ఆగిపోయింది. విరిగితే తను ఏం చేయబోయాడో అందరికీ తెలుస్తుంది. విరగకపోతే, తను కొట్టిన దెబ్బను తనే నమ్మలేడు.

"ఏటి బావా, దోమని తోల్తన్నావా?" అన్నాడు దుర్గారావు. అనేసి, పోలిరాజు ముఖం చూసి దగ్గరకు వచ్చాడు.

పోలిరాజు సమ్మెటను అతని చేతిలో పెట్టాడు.

"నా సెయ్యి దాన్ని కాసుకుంటంది బావా. నువ్వు కొట్టు. బావ పని గదాని సూడకు. బాబుగారూ అమ్మగారూ అందులో కూకున్నారనుకుని కొట్టు."