పక్కగీత దగ్గర మనిషి

"...గోడ వంకర కాదే, మీ ఆయన చూపే వంకర అంటున్నా. నాలుగో వరస ఎలా ఉందో నాకే తెలుస్తోంది, ఆయనకి తెలీలేదా?"

"నీ ఇల్లే వంకర, అక్కా. కట్టేటప్పుడు మేస్త్రి పక్కన నిలబడి పని నేర్పింది నువ్వేగా."

బాత్రూంలో గొంతుక్కూర్చుని టైల్స్ మధ్య సందులు పూడుస్తున్న మనిషికి ఈ మాటలన్నీ వినపడుతూనే ఉన్నాయి. హాల్లో వాదులాడుకుంటున్నది అతని భార్య, ఆమె అక్క. అతను నాలుగో వరస మీద అరచెయ్యి జరిపాడు. ఒక అంచు వేలికి తగిలింది. ఎడమకన్ను మూసి చూస్తే వంకర కనిపించింది. కుడికన్ను మూసి చూస్తే గోడంతా పాలపొర వెనక ఒకటే తెలుపు.

"ఆ వరస పీకి మళ్ళీ వేస్తాను వదినా. సోమవారం వస్తా," అన్నాడు బయటికొచ్చి.

"తప్పు ఒప్పుకునే మగాణ్ణి మా ఇంటి అల్లుళ్ళలో నిన్నే చూశాను మరిదీ. సోమవారం దాకా ఎందుకు, రేపు రాకూడదా?"

"రేపు ఫైనలు. ఆయన టీవీలో కనిపిస్తారు," అంది భార్య. "నువ్వూ చూడు. వంకరగా నిలబడ్డారేమో చెబుదువుగాని."

ఏడాది పొడుగునా అతను టైల్స్ మేస్త్రి. టెన్నిస్ టోర్నమెంటు జరిగే వారం మాత్రం లైన్ జడ్జి, గీత దగ్గర నిలబడి బంతి లోపల పడిందో బయట పడిందో చెప్పేవాడు. కుర్రతనంలో క్లబ్బులో నేల పరవడానికి వెళ్ళినప్పుడు, మనుషులు చాలక సెక్రటరీ అతన్ని ఓ గీత దగ్గర నిలబెట్టాడు. తర్వాత పరీక్షలు రాసి పాసయ్యాడు. మగవాళ్ళ సింగిల్స్‌లో అతను లేని ఫైనల్ ఎవరికీ గుర్తులేదు. వీధిలో అందరికీ అతను 'అవుట్ బాబాయ్'. పిల్లల ఆటలో పేచీ వచ్చినా, పెద్దల మధ్య ప్రహరీ తగువొచ్చినా, "అవుట్ బాబాయ్‌ని అడుగుదాం" అనేవారు. అతను ఒక మాట చెబితే ఇక దాని మీద మాటుండేది కాదు.

ఆ పనిలో ఒక పద్ధతి ఉంది. బంతి పడటం కనపడకపోతే రెండు అరచేతులూ కళ్ళకి అడ్డం పెట్టుకోవాలి. నేను చూడలేదు అని దానర్థం. అప్పుడు కుర్చీలో ఉన్న అంపైరు తేలుస్తాడు, ఆయనకీ తెలియకపోతే ఆ పాయింటు మళ్ళీ ఆడిస్తారు. ఈ వారం అతను అలా చాలాసార్లు చేతులెత్తాడు. వెనకగీత దగ్గర నిలబడే బ్యాంకు ఉద్యోగిని టీ తాగుతూ అననే అంది.

"ఏంటన్నా, కొత్త పెళ్ళికూతురిలా మాటిమాటికీ మొహం దాచుకుంటున్నావ్?"

గదిలో అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. ఇక చేతులెత్తకూడదనుకున్నాడు.

ఆ రోజే, శనివారం మధ్యాహ్నం సెమీఫైనల్. ఒకవైపు పేరున్న ఆటగాడు. ఇంకోవైపు క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు ఆడి ఇంతదూరం వచ్చిన కుర్రాడు. సెమీఫైనల్ ఆడటం అతనికి ఇదే మొదలు. చివరి సెట్టు టైబ్రేక్‌కి వెళ్ళింది. పెద్ద ఆటగాడికి మ్యాచ్ పాయింటు, ఇదొక్కటి వస్తే గెలిచినట్టే. కుర్రాడు పక్కగీత వెంబడి బలంగా కొట్టాడు. బంతి ఎడమవైపు నుంచి వచ్చి కంటి పొరలో కలిసిపోయింది. మేస్త్రికి కనపడిందల్లా అవతల పెద్ద ఆటగాడు కాలు కదపకుండా రాకెట్ దించెయ్యడమే.

ఆటగాణ్ణి చూడకూడదు, గీతనే చూడాలి. కొత్తగా చేరినవాళ్ళకి అతను మొట్టమొదట చెప్పే పాఠమది.

"అవుట్," అని అరిచాడు. చెయ్యి దానంతటదే పక్కకి చాచుకుంది.

అంపైరు ఆ మాట మార్చలేదు. బంతి ఎక్కడ పడిందో చూపించే కెమెరాలు ఆ టోర్నమెంటుకి ఇంకా రాలేదు. మ్యాచ్ అయిపోయింది.

బట్టలు మార్చుకునే గదుల దారిలో కుర్రాడు బ్యాగు భుజాన వేసుకుని ఎదురొచ్చాడు. తిడతాడనుకుని అతను గోడవారకి తప్పుకున్నాడు.

"అంకుల్, ఆ బంతి ఎంత బయట పడింది?"

మేస్త్రి గోడకేసి చూశాడు. "కొంచెం," అన్నాడు.

"మా కోచ్ గీత మీదే పడిందంటున్నాడు. మీరు పక్కనే ఉన్నారుగా, ఆయనకేం తెలుసు? మీరు చెప్పారు, అది చాలు. లేకపోతే దాన్నే తల్చుకుంటూ కూర్చునేవాణ్ణి."

కుర్రాడు చెయ్యి కలిపి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి జరిగిందంతా భార్యకి చెప్పాడు. ఆమె రేపటి యూనిఫాం చొక్కా ఇస్త్రీ చేస్తోంది.

"కన్ను సంగతి నాకు తెలుసు," అంది. "గుమ్మాలు తగిలించుకుంటున్నారు, టీ కప్పు పక్కన పోస్తున్నారు. ఊరుకుంటే మీరే చెబుతారనుకున్నా. అక్క నోటికి దొరక్కూడదని పొద్దున వెనకేసుకొచ్చా."

"ఆ కుర్రాడు నమ్మాడే."

"మీరు ఒప్పుకుంటే మ్యాచ్ మళ్ళీ ఆడిస్తారా?"

"ఆడించరు."

"మరెందుకు మీ పేరు మీరే పాడుచేసుకోవడం? రేపొక్కరోజు నిలబడండి. వీధంతా టీవీ ముందు కూర్చుంటుంది. ఎల్లుండి డాక్టరు దగ్గరికి పోదాం."

"రేపూ ఇలాగే అయితే?"

ఆమె కాలర్ మడత మీద ఇస్త్రీపెట్టెని అవసరానికి మించి నొక్కింది.

ఆదివారం పొద్దున జడ్జిల గదిలో చీఫ్ మేడమ్ ఫైనల్‌కి ఎవరెక్కడ నిలబడాలో చెబుతోంది. బ్యాంకు ఉద్యోగిని పక్కన కుర్చీ ఖాళీగా ఉన్నా అతను గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ఇస్త్రీ చొక్కా చేతిలోనే ఉంది, తొడుక్కోలేదు.

"అంపైరుకి ఎదురుగా పక్కగీత ఎప్పటిలాగే మన మేస్త్రిగారిది," అంది మేడమ్. "అక్కడ మీరుంటే నాకు బెంగ ఉండదు. ఏంటింకా తయారవలేదు?"

"అక్కడ వేరేవాళ్ళని పెట్టండి మేడమ్. నిన్నటి ఆఖరి బంతి నేను చూడలేదు, చూడకుండానే అవుట్ అన్నాను. ఆ అబ్బాయి హోటల్ ఖాళీ చేసేలోగా వెళ్ళి ఈ మాట అతనికి చెప్పొస్తాను."