కోటు కాలర్‌లో హంతకుడు

మా తాత పర్శరాములు అమీర్‌పేటలో దర్జీ. నాయనమ్మ కాంతవ్వ మీద ఎంత ప్రేమ ఉండేదో నాకు తెలియదు కానీ, 1944లో ఒక హత్య నవల మీద మాత్రం పడి చచ్చాడు.

ఆ నవల ఇచ్చింది సాలమన్, బేగంపేట స్టేషన్‌లో గుమస్తా. పెళ్లి కోటుకు గుడ్డ తెచ్చిన రోజు పుస్తకం కూడా బల్ల మీద పెట్టి, "చదువు అన్నా, మస్తుంటది" అన్నాడు. దానికి అట్ట లేదు. కుట్టు వదులై కాగితాలు ఊగుతున్నాయి.

కథలో ఒక జమీందారు లోపల గడియ వేసుకున్న గదిలో చచ్చి పడి ఉంటాడు. కిటికీ ఊచకు ఒక దారపు పోగు చుట్టుకుని ఉంటుంది. దారం అనేసరికి తాత మిషన్ ఆగిపోయింది. ఆ రోజు నుంచి ఒక చేతిలో కత్తెర, ఇంకో చేతిలో నవల. ఎవరిదో చొక్కాకు రెండు చేతులూ ఎడమవే కుట్టాడు. అన్నానికి కూర్చునేటప్పుడు జమీందారు బావమరిదిని అనుమానించేవాడు, చెయ్యి కడిగేసరికి వంటమనిషిని పట్టుకునేవాడు.

"గిది రాసినోడే అసలు దర్జీ. ఎన్ని ముక్కలు జోడించిండు, ఒక్క కుట్టు సుత పైకి కానొస్తలేదు."

"నీ కుట్లు మాత్రం ఊరంతా చూస్తుండ్రు" అంది నాయనమ్మ. "గా రెండెడమ చేతులాయన బయట నిలబడ్డడు."

సాలమన్ పెళ్లిరోజు పొద్దున తాత కథ చివరికి చేరాడు. డిటెక్టివ్ అందరినీ హాలులో కూర్చోబెట్టి, హంతకుడు ఇక్కడే ఉన్నాడని వేలు ఎత్తాడు. తాత పేజీ తిప్పాడు. చివరి ఆకు లేదు.

అది యుద్ధకాలం. కాలర్ నిలబడడానికి లోపల పెట్టే బక్రం గుడ్డ దొరికేది కాదు. బదులుగా తాత గుట్టుగా కాగితం పెట్టి కుట్టేసేవాడు. నవలలోంచి ఊడిపడ్డ ఆ చివరి ఆకును, జమీందారు బావమరిది ధ్యాసలో నిలువునా రెండుగా కత్తిరించి, సాలమన్ కోటు కాలర్‌లో చెరో పక్కా పెట్టేశాడు. కోటు ముందురోజే ఇచ్చేశాడు.

"పోయి అడుగు" అంది నాయనమ్మ.

"అడిగితే కాగితం సంగతి బయటపడ్తది. ఇగ దుకాణానికెవడొస్తడు?"

"అయితే ఊకో."

ఊరుకోలేదు. మెడలో టేపుతోనే పెళ్లి జరిగే పంజాగుట్ట చర్చికి పరుగెత్తాడు. ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకుంటే, తాత ఒక్కడే పెళ్లికొడుకు కాలర్‌ను చూస్తూ కూర్చున్నాడు. సాలమన్ తల వంచినప్పుడల్లా అది గరగరమంది. భోజనాల దగ్గర ఇక ఆగలేక, ఉన్నదంతా అతని చెవిలో చెప్పేశాడు.

సాలమన్ పగలబడి నవ్వాడు. "దీనికి కోటు విప్పుడెందుకు అన్నా? నేను చదివిన గద. సంపిందెవరంటే..."

తాత గబుక్కున అతని నోరు మూశాడు. "నీ కాళ్లు మొక్కుత తమ్మీ, చెప్పకు. నేనే చదవాలె."

"నాకు సుత చెప్పొద్దు" అంది పక్కనే కూర్చున్న పెళ్లికూతురు జ్ఞానకుమారి. తాతకు ఇవ్వకముందు సాలమన్ ఆ నవల ఆమెకే పంపాడట. ఆఖరి ఆకు మిగిలి ఉండగా, పెళ్లికూతురు చదివేవి హత్యలా అని వాళ్ల నాన్న లాక్కుని తిప్పి పంపేశాడట. ఆమె మొగుడి వైపు తిరిగి, "కోటు విప్పండి" అంది.

తాత కాలర్ కుట్లు విప్పాడు. ఒక ముక్క ఆయన పట్టుకున్నాడు, ఇంకోటి ఆమె పట్టుకుంది. రెండూ అంచుకు అంచు కలిపి, తలలు దగ్గర పెట్టి చదివారు. పెళ్లికొడుకు చొక్కాతో, చేతిలో బిర్యానీ పళ్లెంతో నిలబడ్డాడు. చుట్టాలందరూ చూస్తూనే ఉన్నారు. చివరి వాక్యానికి వచ్చేసరికి ఇద్దరూ ఒక్కసారే "అరె" అన్నారు.

బక్రం అప్పుడూ లేదు కదా. తాత ఆ ముక్కలనే మళ్లీ లోపల పెట్టి కుట్టేశాడు.

మరునాటి నుంచి దుకాణానికి వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: "మా కాలర్‌ల ఏం కథ పెడ్తవ్ అన్నా?"

సాలమన్ ఆ నవల తాతకే వదిలేశాడు. ఐదో తరగతితో బడి మానేసిన నేను దాన్ని కూడబలుక్కుంటూ మూడుసార్లు చదివాను. కథ డిటెక్టివ్ ఎత్తిన వేలు దగ్గరే ఆగిపోతుంది. ఎవరు చంపారు తాతా అంటే, "పోయి కోటునడుగు" అంటాడు.

"వంటమనిషే గద?" అన్నాను. తాత సూదిలో దారం ఎక్కిస్తూ నవ్వాడు. ఆ నవ్వు చూసి బావమరిది మీదికి మారాను. మళ్లీ అదే నవ్వు.